హెల్మెట్టా, ఫుట్ ఓవర్ బ్రిడ్జా, స్పీడు తగ్గించడమా: నగరాల్లో ఏది మేలు?

పెద్ద నగరంలో రోడ్డు ప్రమాదాలు తగ్గించాలంటే ఏం చేయాలి? బైకు నడిపేవాళ్లను అడిగితే హెల్మెట్ అంటారు, కారువాళ్లు పాదచారులకు బ్రిడ్జి కట్టమంటారు. స్పీడు తగ్గించమంటే మాత్రం అందరూ మొహం చిట్లిస్తారు. ఈ మూడింట్లో ఏది మేలో తేలాలంటే ముందు దెబ్బలు ఎవరికి, ఒంట్లో ఎక్కడ, ఏ వేళప్పుడు తగులుతున్నాయో చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం ప్రపంచంలో ఏటా దాదాపు 11.9 లక్షల మంది రోడ్ల మీద చనిపోతున్నారు. వాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్లు, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లే. 5 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదమే.

దెబ్బ తగిలే తీరు కూడా మనిషిని బట్టి మారుతుంది. నడిచే పెద్దవాళ్లను కారు గుద్దితే బంపర్ మోకాలి దగ్గర తగిలి కాలి ఎముక విరుగుతుంది. మనిషి బానెట్ మీదికి ఒరిగి, తల ముందు అద్దానికి కొట్టుకుంటుంది. పిల్లలకైతే అదే బంపర్ తొడకో నడుముకో తగులుతుంది. బైకు మీద ఉన్నవాళ్లకు తల, కాళ్లు. కారులో ఉన్నవాళ్లకు ఛాతీ, మెడ. పగటి రద్దీలో బండ్లు రాసుకోవడం, చిన్న చిన్న దెబ్బలు ఎక్కువ. రాత్రి ఖాళీ రోడ్డు మీద గుద్దుకోవడం తక్కువే గానీ, గుద్దుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. 2020లో కోవిడ్ వల్ల అమెరికాలో బండ్లు తిరగడం బాగా తగ్గినా, రోడ్డు మరణాలు అంతకుముందు ఏడాది కంటే పెరిగాయి.

ఇక హెల్మెట్ సంగతి. దీని మీద వాదనే అక్కర్లేదు. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి చేసిన సమీక్షలో మోటారు సైకిల్ హెల్మెట్ వల్ల చనిపోయే ముప్పు సుమారు 42 శాతం, తల దెబ్బల ముప్పు 69 శాతం తగ్గుతాయని తేలింది. స్ట్రాప్ బిగించుకుంటేనే సుమా! ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే. కానీ అది విరిగే కాలిని కాపాడదు, రోడ్డు దాటే ముసలాయనకు అసలే పనికిరాదు.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది. లారీలు కింద నుంచి వెళ్లాలి కాబట్టి దాన్ని ఐదారు మీటర్ల ఎత్తున కట్టాలి. అంటే దాదాపు నలభై మెట్లు ఎక్కి, మళ్లీ నలభై దిగాలి. అదే నాలుగు లేన్ల రోడ్డును నేల మీద దాటితే పన్నెండు సెకన్ల పని. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, సంచులు మోసేవాళ్లు, చంకలో బిడ్డ ఉన్నవాళ్లు ఏం చేస్తారో తెలిసిందే, డివైడర్ సందులోంచి దూరతారు. కింద బండ్లేమో, మనుషులంతా పైనుంచే పోతున్నారన్న ధీమాతో ఇంకా జోరుగా వస్తాయి. నన్నడిగితే, చాలా చోట్ల ఈ బ్రిడ్జి కట్టేది పాదచారి కోసం కాదు, బండి ఆగకూడదని.

మిగిలింది స్పీడు. లెక్క చూడండి. రోడ్డు పొడిగా ఉంది, బ్రేకులు బాగున్నాయి, డ్రైవర్ తేరుకోవడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్లతో వచ్చే కారు మనిషిని చూసినచోటి నుంచి సుమారు 13 మీటర్లలో ఆగిపోతుంది. 50తో వచ్చే కారు ఆ ఒక్క సెకనులోనే 14 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మొదటి కారు ఎవరి ముందు ఆగిందో ఆ మనిషినే రెండోది బ్రేకు పడకముందే, పూర్తి వేగంతో గుద్దుతుంది. పైగా గుద్దే శక్తి వేగాన్ని వేగంతోనే హెచ్చించిన లెక్కన పెరుగుతుంది కాబట్టి అది దాదాపు మూడింతలు. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నార్వే రాజధాని ఓస్లోలో వేగ పరిమితులు తగ్గించి, నగరం నడిబొడ్డున కార్లకు చోటు కుదించారు. 2019లో అక్కడ పాదచారులు, సైకిలిస్టులు ఒక్కరూ చనిపోలేదు.

స్పీడు తగ్గితే ఆఫీసుకు లేటవుతుందని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. నగరంలో మన టైము తినేసేది ఎక్కువగా సిగ్నళ్లు, జామ్‌లే. రెండు సిగ్నళ్ల మధ్య దూసుకెళ్లి చేసేది తర్వాతి సిగ్నల్ దగ్గర ఎదురుచూడటమే. అలాగని 30 అని బోర్డు పాతేసి చేతులు దులుపుకుంటే ఎవడూ వినడు. లేన్లు సన్నం చేయాలి, జీబ్రా క్రాసింగ్‌ను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపాలి, కెమెరాలు పెట్టాలి. రంగు వేయని స్పీడ్ బ్రేకర్ మాత్రం రాత్రిపూట బైకులను పడగొడుతుంది.

అందుకే నా ఓటు మనుషులు, బండ్లు కలిసి తిరిగే రోడ్ల మీద స్పీడు తగ్గించడానికే. ఎందుకంటే నడిచేవాళ్లు, బైకువాళ్లు, కారువాళ్లు ముగ్గురికీ ఒకేసారి పనికొచ్చేది అదొక్కటే. ఆ రోడ్లు మారేదాకా, మారాక కూడా హెల్మెట్ ఉండాల్సిందే. బ్రిడ్జిని ఎక్స్‌ప్రెస్ వేల మీద, రైలు పట్టాల మీద కట్టండి, లిఫ్టు పెట్టి మరీ. ఏ కూడలితో మొదలుపెట్టాలో తేల్చేటప్పుడు పోలీసు కేసుల లెక్క ఒక్కటే చాలదు, ఆసుపత్రి ఎమర్జెన్సీ రిజిస్టర్లు కూడా తిరగేయాలి. గుంతలో పడి చెయ్యి విరిగిన సైకిల్ మనిషి స్టేషన్‌కు వెళ్లడు, కట్టు కట్టించుకుని ఇంటికి పోతాడు.