ఘాట్‌లో ఆగిపోయే పాత కారు: స్కానర్, ప్లగ్ పరీక్ష, పార్టు మార్పు – ఏది మేలు?

తిరుపతిలో పాత కారు ఊళ్లో తిరిగినంతసేపు బాగానే ఉంటుంది. అలిపిరి దాటి కొండ ఎక్కేటప్పుడో, భాకరాపేట ఘాట్‌లోనో, పలమనేరు వెళ్తూ మొగిలి ఘాట్‌లోనో ఇంజన్ ఆగిపోతుంది. అరగంట ఆగి సెల్ఫ్ కొడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ మాత్రం ఒక్కసారి కూడా ఆగదు. అప్పుడు మన ముందు మూడు దారులుంటాయి: స్కానర్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే పరికరం) పెట్టించడం, ప్లగ్ (ఇంజన్‌లో పెట్రోల్‌ను అంటించే స్పార్క్ ఇచ్చేది) విప్పి చూడటం, అనుమానం ఉన్న పార్టు మార్చేయడం.

నా ఓటు ప్లగ్‌కే. ముఖ్యంగా కార్బరేటర్ (పెట్రోల్‌నూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే పాత పద్ధతి పరికరం) ఉన్న బండికి. కార్బరేటర్‌తో వచ్చిన తొలినాటి మారుతి 800 లాంటి బళ్లలో స్కానర్‌తో పనే లేదు, అడగడానికి అందులో కంప్యూటర్ ఉండదు. బండి ఆగిన వెంటనే, ఇంజన్ కాలకుండా జాగ్రత్తపడి, ఒక ప్లగ్ విప్పండి. కొన తడిగా ఉండి పెట్రోల్ వాసన వస్తే పెట్రోల్ అందుతోంది, స్పార్క్ రావడం లేదని అర్థం. కాయిల్, పాయింట్లు, వైర్లు చూడాలి. కొన పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. ఫిల్టర్, పంప్, పైపులు చూడాలి. ఎండాకాలంలో పైపులో పెట్రోల్ ఆవిరైపోయి పంప్‌కు అందకపోవడం కూడా కార్బరేటర్ బళ్లలో మామూలే. అది చల్లారితే దానంతటదే సర్దుకుంటుంది. అందుకే ఇంటికి వచ్చాక చూస్తే ఏమీ దొరకదు, ఆగినచోటే చూడాలి.

ప్లగ్ విప్పడం రానివాళ్లు కనీసం ఎలా ఆగిందో గుర్తుపెట్టుకోవాలి. స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా ఆగితే ఎక్కువగా కరెంటు వైపు తప్పు. జర్కులిస్తూ, పికప్ పడిపోతూ ఆగితే పెట్రోల్ వైపు. సిగ్నల్ దగ్గర, ఏసీ వేసినప్పుడు మాత్రమే ఆగితే ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ నడిచే తీరు) సమస్య. ఇంజన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీలో మసి, చీలిన వాక్యూమ్ పైపు చూడాలి. ఈ మూడు ముక్కలూ మెకానిక్‌కు చెబితే పని సగం తగ్గుతుంది.

కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ బళ్లకు మాత్రం స్కానర్ నిజంగా అక్కరకొస్తుంది. మన దేశంలో బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) కార్లకు ఓబీడీ-2, అంటే బండి తన తప్పుల్ని తానే పసిగట్టి కోడ్‌గా దాచే ఏర్పాటు, తప్పనిసరి అయింది 2013 నుంచి. అంతకు ముందు బళ్లలో కొన్నింటికి మామూలు స్కానర్ తగులుకోకపోవచ్చు, తగిలినా కోడ్ రాకపోవచ్చు. ఒక పని చేయించండి: బండి ఆగి స్టార్ట్ కానప్పుడు సెల్ఫ్ కొడుతూ స్కానర్ లైవ్ డేటాలో ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూడమనండి. ఇంజన్ తిరుగుతున్నా అది సున్నాలోనే ఉంటే ఇంజన్ తిరగడాన్ని కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్‌నీ దాని వైరింగ్‌నీ అనుమానించాలి. వేడెక్కితే పనిచేయక, చల్లారితే పనిచేసే సెన్సర్ కోడ్ మిగల్చకపోవచ్చు. కాబట్టి కోడ్ లేదంటే తప్పు లేదని కాదు.

ఇక పార్టు మార్చడం. కాయిల్, తర్వాత పంప్, తర్వాత సెన్సర్... డబ్బు పోతూనే ఉంటుంది, బండి ఆగుతూనే ఉంటుంది. అయితే పెట్రోల్ ఫిల్టర్, ప్లగ్‌లు గడువు దాటి ఉంటే మార్చేయండి, అవి ఎలాగూ మార్చాల్సినవే. బ్యాటరీ టెర్మినల్స్, ఎర్త్ వైరు శుభ్రం చేసి బిగించడానికి ఖర్చే ఉండదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత బళ్ల రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు, పగుళ్లు కనిపిస్తే ఆలోచించకుండా మార్చాలి.

తప్పు తేలేదాకా ఆ కారులో పిల్లల్నీ పెద్దల్నీ ఎక్కించుకుని ఘాట్ ఎక్కొద్దు. తప్పక వెళ్లినప్పుడు ఆగిపోతే, బ్రేక్ బూస్టర్‌లో (పెడల్‌ను తేలిగ్గా తొక్కేలా చేసే భాగం) మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు నొక్కులకే సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ గట్టిపడుతుంది. బ్రేకును పదేపదే నొక్కకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టి పక్కకు ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, టైరు వెనక రాయి పెట్టాకే బానెట్ ఎత్తాలి.