బ్లాక్‌రీచ్‌లో డ్రాగన్ కనిపించిందంటే ఎవరూ నమ్మలేదు (స్కైరిమ్, ఇన్నేళ్ళు ఆడాక)

స్కైరిమ్ అనే వీడియో గేమ్ గురించి కొత్తగా చెప్పడానికి ఏముంది? 2011 నవంబర్‌లో వచ్చింది. ఆడాల్సినవాళ్ళు ఆడేశారు, ఆడనివాళ్ళు కూడా దాని మీద జోకులు వినే ఉంటారు. గ్రాఫిక్స్, మాడ్‌లు, ఎన్ని గంటల ఆట అన్న లెక్కలు వదిలేస్తున్నాను. నేను రాసేదల్లా నేల కింద ఉన్న ఒక్క ఊరి గురించి. దాని పేరు బ్లాక్‌రీచ్. 2012 నుంచి ఈ ఆట మానేస్తూ, మళ్ళీ మొదలుపెడుతూ ఉన్నానంటే కారణం ఆ ఊరే.

మొదటిసారి దిగినప్పుడు అక్కడ ఊరుందనే నాకు తెలీదు. మంచుగుహలో ఒంటరిగా కూర్చున్న మతిచెడిన పండితుడొకడు చేతిలో ఓ గోళం పెట్టి, అర్థంకాని మాటలు నాలుగు చెప్పి పంపిస్తాడు. ఆల్ఫ్‌టాండ్ అనే శిథిలంలోకి దిగితే ఇత్తడి గొట్టాలు, ఆవిరి, పళ్ళచక్రాలు. రెండు గంటలయ్యాక, సరే ఇది కూడా మామూలు గుహే అనుకున్నాను. చివర్న ఆ గోళాన్ని ఓ యంత్రంలో పెడితే నేల కుంగి మెట్లయింది. కింద తలుపు తీస్తే గది కాదు, ఏకంగా ఓ లోకం. మా వీధి చివరి వాటర్ ట్యాంకంత పుట్టగొడుగులు నీలంగా వెలుగుతున్నాయి. ఆకాశం ఉండాల్సిన చోట రాతి కప్పు. దూరంగా కోటగోడలు, వాటి నడుమ గాల్లో వేలాడే నారింజరంగు గోళం, అస్తమించడం మర్చిపోయిన సూర్యుడిలా. ఇదీ ఇక్కడి కథ అని చెప్పే మనిషి ఒక్కడూ లేడు. ఆ చెప్పకపోవడమే నాకు నచ్చింది.

ఊరు కట్టినవాళ్ళు ద్వేమర్లు. ఆటలో అందరూ మరుగుజ్జులనే అంటారు గానీ పొట్టివాళ్ళేం కాదు. రాక్షసాకారుల కంటికి చిన్నగా కనబడ్డారు కాబట్టి ఆ పేరు నిలిచిపోయిందట. ఓ రోజు జాతి మొత్తం ఒక్క క్షణంలో మాయమైపోయింది. గిన్నెలు, పళ్ళేలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాళ్ళు చేసిన యంత్రాలు మాత్రం యజమానులు లేరన్న సంగతి తెలియక ఇంకా కాపలా కాస్తున్నాయి.

ఈ ఊహ ఆట తయారుచేసినవాళ్ళ సొంతం కాదు. భూగర్భంలో కొలిమి పెట్టుకున్న మరుగుజ్జులు ఉత్తరాది నార్స్ పురాణాల్లోంచి వచ్చారు. థోర్ సుత్తి చేసింది వాళ్ళే. కొలిమి దగ్గర పని జరుగుతుంటే లోకి ఈగ రూపంలో వచ్చి కుట్టాడని, అందుకే ఆ సుత్తి పిడి పొట్టిగా వచ్చిందని చెబుతారు. కాపలా యంత్రానికి గ్రీకుల దగ్గర టాలోస్ ఉన్నాడు. క్రీట్ ద్వీపం చుట్టూ రోజుకు మూడుసార్లు తిరిగే కంచు మనిషి. ఒళ్ళంతటికీ ఒకటే నరం, చీలమండ దగ్గర దానికో మేకు. అది ఊడితే పని సరి. మన దగ్గరా ఇలాంటి కథ ఉంది. పాలీలో ఉన్న లోకపన్నత్తి అనే బౌద్ధ గ్రంథంలో, బుద్ధుడి ధాతువులకు, అంటే అస్థికలకు, మగధ రాజు అజాతశత్రువు కత్తులు తిప్పే యంత్రభటుల్ని కాపలా పెట్టిస్తాడు. ఆ విద్య రోమ దేశం నుంచి వచ్చిందట. తర్వాతెప్పుడో అశోకుడు వెళ్ళేసరికి అవి ఇంకా తిరుగుతూనే ఉంటాయి. మా తెనాలి నుంచి రేపల్లె రైలెక్కితే దారిలో భట్టిప్రోలు. అక్కడి స్తూపంలో 1892లో ధాతువులు దాచే కరండాలు, అంటే పెట్టెలు, దొరికాయి. యంత్రభటులైతే దొరకలేదు, నేను చిన్నప్పుడు స్కూల్ ట్రిప్‌లో వెళ్ళి చూసింది ఇటుకల దిబ్బే.

ఇక డ్రాగన్ సంగతి.

2012 వేసవి. కరెంటు కోతలు ఎలా ఉండేవో అప్పుడు ఆంధ్రాలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. నా కంప్యూటర్‌కి యూపీఎస్ ఉందన్న మాటే గానీ, దాని బ్యాటరీ ఎప్పుడో ఉబ్బిపోయింది. పెద్దమ్మ కొడుకు సెలవులకొచ్చి పక్కన కూర్చుని చూసేవాడు. ఆ రోజు వాడు మామిడికాయ ముక్కలకి ఉప్పూకారం తేవడానికి వంటింట్లోకి వెళ్ళాడు. నేను బ్లాక్‌రీచ్ నడిమధ్యన, సైలెంట్ సిటీ అనే ఆ కోటగోడల లోపల ఉన్నాను. గోడ మీంచి ఒకడు బాణాలు వేస్తుంటే వాణ్ణి తోసేద్దామని నా పాత్ర చేత ‘ఫుస్ రో దా’ అని, ఎదుటివాణ్ణి ఎగరగొట్టే మంత్రం, అరిపించాను. గురి తప్పి పైకి పోయింది. గంట మోగినట్టు పెద్ద శబ్దం. అంతలో తెర మీద నీడ కదిలింది. డ్రాగన్! రాతి కప్పు కింద, ఆకాశమే లేనిచోట, రెక్కలు చాపుకుని తిరుగుతోంది. కుర్చీలోంచి లేచి నిలబడి ఆడాను. దాని ప్రాణం సగానికి తెచ్చాను. “ఒరేయ్, త్వరగా రా” అని కేకేశాను.

వాడు గుమ్మంలోకి వచ్చాడు, కరెంటు పోయింది.

గంటన్నర తర్వాత వచ్చింది. ఆట చివరిసారి సేవ్ అయింది ఎక్కడో ఓ తలుపు దగ్గర. మళ్ళీ సైలెంట్ సిటీకి నడిచాం, ఎంతసేపు తిరిగినా డ్రాగన్ లేదు. మర్నాడూ లేదు. “చీకట్లో కనిపించిందేమో అన్నయ్యా” అన్నాడు వాడు. సెలవులు అయిపోయేలోపు మా చుట్టాల పిల్లలందరికీ నేను డ్రాగన్ అన్నయ్యనైపోయాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు ప్లేటో రాసిన అట్లాంటిస్ కథ చదివాను. మునిగిపోయిన నగరాల కథలన్నిటికీ పెద్దన్న అది. ఆ కథ ఎవరి నోటినుంచి వచ్చిందో చూస్తే నవ్వొచ్చింది. ఈజిప్టు పూజారులు ఏథెన్స్ చట్టకర్త సోలన్‌కి చెప్పారు, అక్కణ్ణుంచి చేతులు మారి, ప్లేటో రాతలో ఈ కథ చెప్పే క్రిటియాస్ తాతకు చేరింది, ఆయన మనవడికి చెప్పాడు. జరిగిందేమో సోలన్‌కి 9000 ఏళ్ళ ముందు. చూసినవాడు ఒక్కడూ లేడు. పైగా ‘క్రిటియాస్’ అనే పుస్తకంలో ఆ ఊరి కాలువలు, గుడి గోడల వెండిపూత అన్నీ ఓపిగ్గా వర్ణించి, గర్వం తలకెక్కిన ఆ జనాన్ని శిక్షించాలని జ్యూస్ దేవతలందరినీ పిలిచి ఇలా అన్నాడు, అని ఆపేశాడు ప్లేటో. వాక్యం మధ్యలో. ఏమన్నాడో లేదు. కరెంటు పోయిన సాయంత్రం నాకు గుర్తొచ్చిందంటే తప్పు నాది కాదు.

2020 లాక్‌డౌన్‌లో స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌ని లాప్‌టాప్‌లో వేసుకుని మళ్ళీ దిగాను. ఈసారి డ్రాగన్ని కాదు, ఆ గంట శబ్దాన్ని గుర్తు తెచ్చుకున్నాను. అక్కడ మోగేది ఏముంటుంది? ఆ నారింజ గోళం తప్ప ఏమీ లేదు. దాని కింద నిలబడి, తలెత్తి, అరిపించాను. మోగింది. వచ్చింది. పేరు వల్తురియోల్ అట. చంపబుద్ధి కాలేదు గానీ, చంపాను.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని ఒప్పుకోవాలి. ఆ ఊళ్ళో ముప్పై ఎర్ర నిర్న్‌రూట్ మొక్కలు ఏరే పని ఒకటుంది. చెవి దగ్గర దోమలా గుయ్‌మనే మొక్కను వెతుక్కుంటూ తిరగడం మొదట బాగానే ఉంటుంది, ఇరవైకి వచ్చేసరికి కూలిపనే. ద్వేమర్ల ఇత్తడి తుక్కు కరిగిస్తే లోహపు దిమ్మెలొస్తాయని అడ్డమైనవన్నీ మోసి, బరువెక్కి నడవలేక, పాత సామాన్లు కొనేవాడిలా ఈడ్చుకుంటూ తిరిగాను. నాలుగోసారి దిగేసరికి గదులు ఒక్కలాగే ఉన్నాయని కూడా తెలిసిపోయింది.

అసలైన ఇబ్బంది వేరు. మొదట్లో ద్వేమర్ల పనితనం చూసి మురిసిపోయాను. తర్వాత ఆటలోనే దొరికే పుస్తకాలు చదివితే తెలిసింది: ఆశ్రయం కోరి వచ్చిన మంచు ఎల్ఫ్‌లనే మరో జాతివాళ్ళకు విషపు పుట్టగొడుగులు తినిపించి, కళ్ళు పోగొట్టి, బానిసల్ని చేసుకున్నారట. ఆ రోజు గోడమీంచి నాపై బాణాలేసినవాడు ఆ గుడ్డివాళ్ళ సంతానమే. మయుడు కట్టిన త్రిపురాలు గుర్తొచ్చాయి. బంగారం, వెండి, ఇనుము, మూడు ఊళ్ళు. శివుడి ఒక్క బాణానికి కాలిపోయాయి. చిన్నప్పుడు హరికథలో విన్నప్పుడు అంత చక్కని ఊళ్ళు తగలబెట్టడమేంటని బాధపడ్డాను. ఇప్పుడు బ్లాక్‌రీచ్‌లో ఆ బాధ అంత లేదు.

మీరు ఆడాలా అంటే చెప్పలేను. నాకు అప్పట్లో వయసుంది, సెలవులున్నాయి, పక్కన మామిడికాయ ముక్కలు తెచ్చే తమ్ముడున్నాడు. ఇప్పుడు పాప పడుకున్నాక దొరికేది గంట. కిటికీ లేని గదిలో ఊపిరాడదనిపించేవాళ్ళకు ఈ ఊరు అసలు పడదు. హెడ్‌ఫోన్స్ మంచివి ఉంటే, డ్రాగన్ సంగతి ఇక్కడ చదివేశారు కాబట్టి కొంత మర్చిపోగలిగితే, దిగండి.

లాక్‌డౌన్‌లో ఆ డ్రాగన్ని మొబైల్‌తో వీడియో తీసి మా తమ్ముడికి పంపాను. వాడికప్పుడు డల్లాస్‌లో ఉద్యోగం. మర్నాడు జవాబొచ్చింది: “బాగుందన్నయ్యా. కానీ ఇది అప్పుడు లేదనుకుంటా, తర్వాత అప్‌డేట్‌లో పెట్టుంటారు.”