షాంఘైలో ‘లస్ట్, కాషన్’ వీధుల్ని వెతుక్కుంటూ

ఆంగ్ లీ 2007లో తీసిన సినిమా ఇది. జపాన్ చేతుల్లో ఉన్న షాంఘైలో, వాళ్ళ తొత్తు ప్రభుత్వపు గూఢచారి అధికారిని వలలో వేయడానికి వెళ్ళిన కాలేజీ నాటకాల పిల్ల కథ. వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చింది. చివర్లో నగల కొట్టు యజమానిగా మన అనుపమ్ ఖేర్ కనబడేసరికి మా ఆవిడా నేనూ సోఫాలోంచి లేచి కూర్చున్నాం. ఆ కొట్లోనే, వేలికి వజ్రపుటుంగరం ఉండగా, ఆమె అతనితో నెమ్మదిగా "వెళ్ళిపో" అంటుంది. (సినిమా చూడనివాళ్ళు క్షమించాలి.) "ఆ వీధి ఇప్పటికీ ఉందంటారా?" అని మా ఆవిడ అడగడంతో మొదలైంది ఈ ప్రయాణం.

పూడోంగ్ ఎయిర్‌పోర్టులో దిగగానే సరదాపడి మాగ్లెవ్ (అయస్కాంతాల మీద తేలుతూ పోయే రైలు) ఎక్కాం. 30 కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాలు, 50 యువాన్లు. గంటకి 431 కిలోమీటర్ల వేగం అని చదివి వెళ్తే బోర్డు మీద 300 దగ్గరే ఆగింది. దిగాక సూట్‌కేసులు లాక్కుంటూ మళ్ళీ మెట్రో ఎక్కాల్సిందే. ఎయిర్‌పోర్టు నుంచి ఊరి మధ్యనున్న జింగాన్ టెంపుల్‌కి రెండో నంబర్ మెట్రో నేరుగా వెళ్తుంది, పది యువాన్ల లోపే. సామాను ఎక్కువుంటే అదే నయం.

బస దగ్గర దెబ్బతిన్నాం. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన చిన్న హోటల్లో కౌంటర్ అమ్మాయి పాస్‌పోర్టులు అటూ ఇటూ తిప్పి, ఫోన్‌లో అనువాదం చూపించింది: విదేశీయులకు గది ఇవ్వం. రాత్రి పదకొండు. బయట చినుకులు. డబ్బులు తొమ్మిది రోజులకి వెనక్కొచ్చాయి. పక్క వీధిలో దొరికిన హోటల్ రోజుకి 420 యువాన్లు, కిటికీ తెరిస్తే గోడ, కానీ గది శుభ్రం, కెటిల్ ఉంది, మనకంతకన్నా ఏం కావాలి! విదేశీయుల్ని తీసుకుంటారో లేదో ముందే మెసేజ్ పెట్టి కనుక్కోండి. అక్కడ ఫోన్‌తో డబ్బులు కట్టే యాప్ అలీపేకి మీ కార్డు కూడా ఇంటి దగ్గరే కలుపుకోండి. ఒక్కసారి కట్టేది 200 యువాన్లు దాటితే 3 శాతం ఛార్జీ పడుతుంది.

సినిమాకి ఆధారమైన కథ రాసిన ఐలీన్ చాంగ్ ఉన్న అపార్ట్‌మెంటు జింగాన్ టెంపుల్‌కి దగ్గర్లోనే, చాంగ్‌డె రోడ్డులో. ఇప్పటికీ జనం కాపురముంటున్నారు, లోపలికి పంపరు. ట్రాముల చప్పుడు వింటే తప్ప నిద్రపట్టదని ఆవిడ రాసుకుంది. మేం గేటు ముందు నిలబడ్డంతసేపూ వినిపించింది డెలివరీ స్కూటర్ల హారన్లే.

ట్రాము కోసం చెదున్ ఫిల్మ్ పార్కుకి వెళ్ళాలి. షాంఘై సౌత్ స్టేషన్ నుంచి జిన్షాన్ లైన్ రైలు. అన్నీ చెదున్‌లో ఆగవు, చూసుకుని ఎక్కండి. సినిమాలో వీధి సెట్ ఇక్కడే వేశారు. గంట కొట్టుకుంటూ ట్రాము వస్తుంది, అడుగడుగునా చీపావ్ (ఒంటికి అతుక్కునే చైనా గౌను) అద్దెకి తీసుకున్న పెళ్ళికూతుళ్ళ ఫోటోషూట్లు. దగ్గరికెళ్ళి ఒక బ్యాంకు స్తంభాన్ని వేలితో కొట్టాను. డొల్ల! మా ఆవిడకి మాత్రం భలే నచ్చింది. పూట చాలు, రోజంతా అక్కర్లేదు.

తిండికి గోంగ్‌డెలిన్. 1922లో మొదలై, ఇప్పుడు నాన్‌జింగ్ వెస్ట్ రోడ్డులో ఉన్న బౌద్ధ శాకాహార హోటల్. సోయాతో చేసిన ఉత్తుత్తి బాతు చూసి మా ఆవిడ ముక్కు మూసుకుంది, నేను రెండోది తెప్పించుకున్నా. కథలో హీరోయిన్ ఎదురుచూసే కాఫీ షాపు పేరుతో కేకుల కొట్టు కూడా ఈ రోడ్డులోనే ఉంది. చెస్ట్‌నట్ కేకు పర్లేదు, కాఫీ నీళ్ళు.

ఈ కథకి మూలం అని చెప్పుకునే అసలు ఘటన ఈ రోడ్డు మీదే జరిగింది. 1939 డిసెంబర్‌లో జెంగ్ పింగ్రూ అనే అమ్మాయి, జపాన్ వాళ్ళ వైపు పనిచేసే గూఢచారి అధికారి డింగ్ మోట్సున్‌ని చంపించడానికి బొచ్చు కోట్ల కొట్టుకి తీసుకొచ్చింది. అతను అనుమానపడి బయటికి పరుగెత్తి కారెక్కాడు. పొంచి ఉన్నవాళ్ళ తూటాలు అతనికి తగల్లేదు. మరుసటి ఏడాది మొదట్లో ఆమెను కాల్చి చంపారు. ఆమెకి అంతా కలిపి పాతికేళ్ళు కూడా లేవు. ఇప్పుడు అక్కడంతా పెద్ద పెద్ద బ్రాండ్ల అద్దాలే. జనం ఐస్‌క్రీం తింటూ పోతున్నారు.

ఆఖరి రోజు అదే రోడ్డులో ఒక నగల షాపులోకి వెళ్ళాం. సేల్స్ అమ్మాయి మా ఆవిడ వేలికి చిన్న రాయి ఉంగరం తొడిగింది. మా ఆవిడ దాన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పి, చీటీ మీద ధర చదివి, నెమ్మదిగా నా వైపు వంగి "పదండి" అంది.