గణితమే చదవాలనుకునే పిల్లలకు ఏ పరీక్ష మేలు: జేఈఈనా, ఐఎస్‌ఐనా, సీఎంఐనా?

లెక్కకు జవాబు వచ్చాక కూడా పెన్ను దించకుండా, అది ఎందుకలా వచ్చిందో తేలేదాకా కుస్తీ పట్టే పిల్లలు విశాఖలో ప్రతి ఎంపీసీ సెక్షన్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. ద్వారకానగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ బోర్డు చూసినా జేఈఈ, ఈఏపీసెట్ ర్యాంకులే కనిపిస్తాయి కాబట్టి, తమకూ అవే దారులని ఆ పిల్లలు అనుకుంటారు. ఇంజినీరింగ్ మీద నిజంగా ఇష్టం ఉంటే జేఈఈయే రాయాలి, అందులో చర్చ లేదు. గణితమే చదవాలనుకునేవారికి మాత్రం మరో రెండు పరీక్షలున్నాయి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) పరీక్షతో కోల్‌కతాలో గణాంకశాస్త్ర డిగ్రీ బి.స్టాట్, బెంగళూరులో గణిత డిగ్రీ బి.మ్యాథ్ సీట్లు వస్తాయి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ) పరీక్షతో చెన్నై దగ్గరి సిరుసేరిలో బీఎస్సీ ఆనర్స్ చదవవచ్చు.

తేడా ఒక చిన్న లెక్కలో చూద్దాం. 'n ఏ పూర్ణసంఖ్య అయినా n³ − n ను తప్పక భాగించే అతిపెద్ద సంఖ్య ఏది? 3, 6, 12, 24' అని బిట్ ఇచ్చారనుకోండి. n = 2 పెడితే 6 వస్తుంది. 12, 24 ఎగిరిపోయాయి. n = 3 పెడితే 24, దాన్నీ 6 భాగిస్తుంది. 6 దగ్గర టిక్ పెట్టి ముందుకు వెళ్లిపోవచ్చు, పది సెకన్ల పని. అదే లెక్కను 'నిరూపించండి' అని అడిగితే, అది (n−1), n, (n+1) అనే మూడు వరుస సంఖ్యల లబ్ధమని చూడాలి. వాటిలో ఒకటైనా సరిసంఖ్య, ఒకటి కచ్చితంగా 3 గుణిజం, 2కూ 3కూ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి 6 భాగిస్తుందని వాక్యాల్లో రాయాలి. మొదటి పద్ధతిలో రెండు విలువలతో సరిపెట్టుకున్నాం. గణితం మొదలయ్యేది రెండో పద్ధతిలోనే.

జేఈఈ మెయిన్‌లో 180 నిమిషాలకు 75 ప్రశ్నలు. సగటున ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు కూడా దక్కవు. ఐఎస్‌ఐ రెండో పేపర్‌లో రెండు గంటలకు ఎనిమిదే ప్రశ్నలు, అన్నీ వివరంగా రాయాల్సినవే. ఒక్కోదానికి పావుగంట ఆలోచించవచ్చు.

మార్కుల పద్ధతి మరీ ఆసక్తికరం. జేఈఈ మెయిన్‌లో ఒప్పుకు 4, తప్పుకు −1. ఏమీ తెలియకుండా నాలుగింటిలో ఒకటి పెట్టినా సగటున పావు మార్కు లాభమే. ఐఎస్‌ఐ మొదటి పేపర్‌లో 30 బిట్లకు చాలా ఏళ్లుగా ఉన్న పద్ధతి వేరు: ఒప్పుకు 4, తప్పుకు 0, వదిలేస్తే 1. గుడ్డిగా పెడితే వచ్చే సగటూ సరిగ్గా 1. ఊహించినందుకు పైసా లాభం లేదు, తెలియదని వదిలేసినందుకు నష్టమూ లేదు. ఇంత నిజాయితీ ఉన్న మార్కుల పద్ధతిని నేను మరెక్కడా చూడలేదు.

ఇక ఐఎస్‌ఐ, సీఎంఐల మధ్య ఎంపిక. సీఎంఐ పేపర్‌లోనూ రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో కటాఫ్ దాటితేనే, వివరంగా రాసిన రెండో భాగాన్ని దిద్దుతారు. డిగ్రీ ప్రవేశానికి ఇంటర్వ్యూ లేదు. ఐఎస్‌ఐలో రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. నలుగురి ముందు నోరు విప్పడానికి జంకే పిల్లలకు, అందులోనూ ఇంగ్లిష్‌లో అంటే వణికేవారికి, సీఎంఐ పరీక్షే న్యాయంగా అనిపిస్తుంది. ఉద్యోగం మాటేమిటని దిగులుపడే తల్లిదండ్రులకూ సీఎంఐ నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ గణితంతో పాటు కంప్యూటర్ సైన్స్ కూడా గట్టిగా చెబుతారు. డబ్బు దగ్గర మాత్రం తూకం ఐఎస్‌ఐ వైపే. ట్యూషన్ ఫీజు లేకుండా, పైగా స్టైపెండ్ ఇచ్చే సంప్రదాయం ఆ సంస్థది. సీఎంఐలో ఫీజు ఉంది, రాయితీలూ ఉన్నాయి. రెండింటి తాజా నోటిఫికేషన్లు చూసుకోండి.

దూరానికి భయపడనక్కర్లేదు. హౌరా–చెన్నై లైనులో విశాఖ దాదాపు నడిమధ్యన ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్.రావు 1941లో కోల్‌కతా వెళ్లి ఐఎస్‌ఐలో చేరారు. 1945 నాటికే, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు గీసే, గణాంకశాస్త్రంలో ఇప్పటికీ పాఠంగా చెప్పే క్రామర్–రావు హద్దును ప్రచురించారు.

నన్నడిగితే సీఎంఐని మొదటి లక్ష్యంగా పెట్టుకుని, ఐఎస్‌ఐ కూడా రాయమంటాను. ఒకే తయారీ రెండింటికీ పనికొస్తుంది. జేఈఈ మెయిన్‌ను వదలనక్కర్లేదు, కానీ దానికోసం చేసే బిట్ల సాధన ఈ రెండింటికీ చాలదు. మామూలుగా రెండు పరీక్షలూ మే నెలలోనే వస్తాయి. ఇంటర్ పరీక్షలయ్యాక మొదలుపెడితే సమయం సరిపోదు. సంఖ్యా సిద్ధాంతం, కాంబినేటరిక్స్ (ఎన్ని రకాలుగా అమర్చవచ్చో, ఎంచవచ్చో లెక్కించే గణితం) మన ఇంటర్ పుస్తకాల్లో ఉన్నంత చాలవు కాబట్టి మొదటి ఏడాదిలోనే పట్టుకోవాలి. పాత ప్రశ్నపత్రాలు ఆ సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. వారానికి ఒక్క ప్రశ్నకైనా పూర్తి నిరూపణ కాగితం మీద రాసి, మీ లెక్కల మాస్టారికి చూపించి, ఏ వాక్యం దగ్గర ఆయనకు అనుమానం వచ్చిందో అడిగి, అక్కడి నుంచి మళ్లీ రాయండి.