విన్నిత్సియా ట్రాముకు నాలుగు నక్షత్రాలు, దాన్ని తెప్పించిన మేయరుకు మూడున్నర

ఉక్రెయిన్‌లో వైద్యం చదివిన తెలుగువాళ్ళు అక్కడి చలి గురించి, హాస్టల్ వంటల గురించి, పరీక్షల గురించి చాలానే రాశారు. ఆ ఊళ్ళు మనకు అందించిన సేవల గురించి రాసినవాళ్ళు మాత్రం నా కంట పడలేదు. నేను 2013 నుంచి 2019 దాకా విన్నిత్సియాలో, పిరోగోవ్ వైద్య విశ్వవిద్యాలయంలో చదివాను. ఆ ఊళ్ళో నాకు నచ్చినవి రెండు: ట్రాము, పురపాలక సేవా కేంద్రం. రెండింటి వెనకా ఉన్న మనిషి ఒక్కరే, ఆ ఊరి ఒకప్పటి మేయరు వొలొదిమిర్ గ్రోయ్‌స్మన్. అందుకని మూడింటికీ కలిపే మార్కులు వేస్తున్నాను.

ముందు ట్రాము. ఈ ఊళ్ళో ట్రాములు 1913 నుంచీ నడుస్తున్నాయి. పట్టాల మధ్య దూరం ఒక మీటరు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పట్టాలదీ అదే కొలత. జ్యూరిక్ తన పాత బండ్లను పక్కన పెడుతున్న రోజుల్లో ఈ ఊరి మునిసిపాలిటీ వాటిని అడిగి పుచ్చుకుంది. 2007 నుంచి కొన్నేళ్ళలోనే వందకు పైగా బండ్లు వచ్చాయి. 1959లో తయారైన ‘కార్ప్‌ఫెన్’ రకం కొన్ని, 1960ల చివర్లో తయారైన ‘మిరాజ్’ రకం కొన్ని. రంగు కూడా మార్చలేదు, అదే నీలం, తెలుపు. ఇంకో దేశం వాడి వదిలేసిన బండ్లని చిన్నచూపు చూసేవాళ్ళను ఒకసారి జనవరిలో రైల్వే స్టేషన్ దగ్గర ఎక్కమనాలి. అరవై ఏళ్ళకు చేరువైన బండి కుదుపు లేకుండా కదులుతుంది, సొబోర్నా వీధి మలుపులో చక్రాలు కీచుమనడం తప్ప వేరే చప్పుడు ఉండదు.

దీని విలువ తెలియాలంటే అక్కడి ప్రైవేటు చిన్న బస్సులు, మర్ష్రుత్కాలు, ఎక్కి ఉండాలి. నా ఎత్తు మనిషి నిలబడితే మెడ వంచాల్సిందే. వెనక కూర్చున్నవాళ్ళ చార్జీ డబ్బులు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతూ డ్రైవరుకు చేరతాయి, చిల్లరా అదే దారిన వెనక్కి వస్తుంది. డ్రైవరు ఒక చేత్తో చిల్లర లెక్కపెడుతూ ఇంకో చేత్తో బండి తోలతాడు. 2012లో నగరం దారులన్నీ తిరగరాసి, ట్రాము, ట్రాలీబస్సు, పెద్ద బస్సులను ముందుకు తెచ్చి ఈ చిన్న బస్సులను తగ్గించింది. మొదట్లో జనం బాగా తిట్టుకున్నారని మా ఇంటి యజమానురాలు చెప్పేది. ఆమె కూడా ఆ తిట్టినవాళ్ళలో ఒకరే. తరవాత సంతకు ట్రాములో తప్ప వెళ్ళేది కాదు.

ఒక నక్షత్రం ఎందుకు తగ్గించానంటే మెట్లు. ఎత్తైన, ఇరుకైన మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఎక్కుతుంటే బండి మొత్తం ఆగి చూడాల్సిందే. చక్రాల కుర్చీ మాట ఎత్తనే అక్కరలేదు.

ఇక సేవా కేంద్రం. దాన్ని ‘ప్రొజోరి ఆఫీస్’ అంటారు, పారదర్శక కార్యాలయం అని అర్థం. 2008లో మొదలైంది, ఉక్రెయిన్‌లో ఈ తరహా వాటిలో మొట్టమొదటిది. నిజం చెప్పాలంటే 2001 నుంచీ హైదరాబాద్ ఈసేవ కౌంటర్లు చూసిన మనకు ఒకే చోట అన్ని పనులూ అనగానే నోరు తెరుచుకోదు. నన్ను ఆకట్టుకున్నది వేరే విషయం. ఇక్కడ గోడల స్థానంలో గాజు, గదుల స్థానంలో ఒకటే హాలు. దరఖాస్తు తీసుకునే మనిషి ఒకరు, దాని మీద నిర్ణయం తీసుకునే అధికారి ఇంకొకరు, ఆ రెండో మనిషి ముఖం మనకు కనపడదు. ముఖం కనపడకపోతే లంచం కవరు ఎవరి చేతిలో పెడతారు? సోవియట్ కాలం నుంచీ తలుపు తలుపుకూ కాగితం పట్టుకుని తిరిగిన ఊళ్ళో ఇది చిన్న మార్పు కాదు.

మేము ఊళ్ళోని విషెంకా పేటలో అద్దెకు దిగినప్పుడు చిరునామా నమోదుకు ఇంటావిడతో కలిసి వెళ్ళాను. యంత్రం నుంచి టోకెను, బోర్డు మీద అంకె, కౌంటరు. ఫారంలో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు నుంచి పుట్టిన పేరు అని మూడు గళ్ళు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, తరవాత మూడు ముక్కల పేరు, మూడో గడికి తగినదే లేదు. మన కార్యాలయాల్లో అయితే ‘రేపు రండి’ అని ఎక్కడ అంటారో అనుకున్నాను. కౌంటరులోని అమ్మాయి పాస్‌పోర్టు తిప్పి చూసి, ఆ గడిలో చిన్న గీత గీసి, మిగతావి లాటిన్ అక్షరాల్లో ఎలా ఉన్నాయో సరిచూసుకుని ముద్ర వేసింది. ఇంటావిడ మాత్రం బయటికొచ్చాక, నీకు తండ్రి లేడని రాశారని నన్ను చాలాకాలం ఆటపట్టించింది. ఈ కేంద్రానికి అయిదుకు అయిదు.

ఇక మనిషి. గ్రోయ్‌స్మన్ 1978లో ఇక్కడే పుట్టాడు. కుర్రతనంలోనే ‘యూనిస్త్’ అనే వ్యాపార సంస్థలో వాణిజ్య డైరెక్టరు. 2002లో నగర మండలి సభ్యుడు, 2006లో ఇరవై ఎనిమిదేళ్ళకే మేయరు, 2010లో మూడొంతులకు పైగా ఓట్లతో మళ్ళీ మేయరు. ఆ వరుస చూస్తే ఊరు ఆయన్ని ఎంత నమ్మిందో తెలుస్తుంది. అయితే అంతా ఆయన గొప్పే అనుకోకూడదు. ట్రాములు స్విస్ సొమ్ము. నది మీద 2011లో వచ్చిన పెద్ద ఫౌంటెన్ రోషెన్ చాక్లెట్ల కంపెనీది, ఆ కంపెనీ తరవాత దేశాధ్యక్షుడైన పొరొషెంకోది, ఆయన అండ కూడా గ్రోయ్‌స్మన్‌కు దండిగా ఉండేది. అడిగే చొరవ, వచ్చినదాన్ని పాడుచేయకుండా నడిపే ఓపిక మాత్రం ఈయనవే.

2014లో గ్రోయ్‌స్మన్ రాజధాని కీవ్‌కు వెళ్ళాడు. ఉప ప్రధానిగా స్థానిక సంస్థల సంస్కరణ మొదలుపెట్టాడు. నగరాలకు ఆదాయపు పన్నులో 60 శాతం దక్కడం ఆ కాలంలో వచ్చిన మార్పే, నా దృష్టిలో ఆయన చేసిన అన్నిటిలోకీ పెద్ద పని అది. తరవాత పార్లమెంటు స్పీకరు, 2016 ఏప్రిల్ నుంచి 2019 ఆగస్టు దాకా ప్రధానమంత్రి. ఆ ప్రభుత్వం 2017లో కనీస వేతనాన్ని 1600 హ్రివ్నాల నుంచి 3200కు పెంచింది. 2018లో ఆరోగ్య వ్యవస్థ మారి, రోగి తనకు నచ్చిన కుటుంబ వైద్యుణ్ణి ఎంచుకుని సంతకం చేస్తే నిధులు ఆ వైద్యుడి వెంట వెళ్ళడం మొదలైంది. పాలీక్లినిక్‌లో శిక్షణలో ఉన్న మాకు ఆ హడావిడి బాగా గుర్తు.

మా ఇంటావిడకు గుర్తున్నది ఇంకొకటి. అదే ఏడాది అక్టోబరులో గ్యాసు ధర 23.5 శాతం పెంచారు. ‘మేయరుగా ఉన్నప్పుడు మంచివాడు’ అని ఆవిడ ముక్తసరి తీర్పు. దేశం తీర్పూ దాదాపు అంతే. 2019 ఎన్నికల్లో ఆయన పార్టీకి వచ్చిన ఓట్లు 2.41 శాతం, సభలో అడుగు పెట్టాలంటే 5 కావాలి. మరుసటి ఏడాది స్థానిక ఎన్నికల్లో విన్నిత్సియాలో మాత్రం అదే పార్టీ మొదటి స్థానంలో నిలిచింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ ఈయనకు ఇల్లే మిగిలింది. మార్కుల్లో ఒకటిన్నర అందుకే పోయింది.

2022 జులై 14న రష్యా క్షిపణులు ఊరి నడిబొడ్డున పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ట్రాములు ఆగిపోలేదు. యుద్ధం మొదలయ్యాక కూడా జ్యూరిక్ మాట తప్పలేదు, ‘ట్రామ్ 2000’ రకం 35 బండ్లు ఇస్తానన్నది. అవి ఇదివరకటి వాటికన్నా కొత్తవే. మెట్లు మాత్రం వాటికీ ఉన్నాయి, కాబట్టి నేను తగ్గించిన నక్షత్రం అలాగే ఉంటుంది.