షెడ్డు పెంచాక సబ్సిడీ ఫైలు: ద్వారకానగర్ కన్సల్టెంట్‌తో నా ఎనిమిది నెలలు

మాది విశాఖ ఆటోనగర్‌లో అట్టపెట్టెల యూనిట్. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలకు మాస్టర్ కార్టన్లు వేస్తాం, మధ్యమధ్యలో బేకరీల వాళ్లకు కేక్ డబ్బాలు. మామగారు పెట్టిన యూనిట్, ఆయన పోయాక పన్నెండేళ్లుగా నేను చూసుకుంటున్నాను. పోయిన ఏడాది పక్కనున్న ఖాళీ జాగాలోకి షెడ్డు పొడిగించి 5 ప్లై లైను, అంటే ఐదు పొరల అట్టతో పెట్టెలు చేసే మిషన్ల వరస వేశాం. బ్యాంకు టర్మ్ లోన్, నా బంగారం, మా ఆయన పీఎఫ్ అన్నీ కలిపితే 74 లక్షలు తేలింది. అందులో కొంతయినా ప్రభుత్వం నుంచి రాబట్టుకోవచ్చని అందరూ అంటుంటే ఒక కన్సల్టెంట్‌ని పెట్టుకున్నాను. ఆయన పని ఎలా ఉందో రాద్దామని కూర్చున్నాను. పేరు రాయడం లేదు. నెలకు నాలుగు ఫైళ్లకు మించి తీసుకోనని ఆయనే చెప్తుంటారు, గుంపుని పంపిస్తే నన్నే తిడతారు.

ఆయన కంటే ముందు ఇంకొకాయన వచ్చారు. కారులో, కలర్ బ్రోచర్‌తో. మంజూరైన దాంట్లో 12 శాతం తనకి, అడ్వాన్సు అక్కర్లేదు అన్నారు. పెట్టుబడి సబ్సిడీ, కరెంటు రాయితీ, ఎస్‌జీఎస్‌టీ (జీఎస్టీలో రాష్ట్రం వాటా) వాపసు అంటూ లిస్టు చదివారు. విస్తరణ అని పెడితే తలనొప్పి, మీ వారి పేరు మీద కొత్త సంస్థ చూపించి కొత్త యూనిట్ అని పెడదాం అన్నారు. అదే షెడ్డు, అదే కరెంటు మీటరు, అదే నేను. రేపు ఎవరైనా వచ్చి అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఎవరు? టీ తాగించి పంపించేశాను.

నవంబర్‌లో ద్వారకానగర్ ఆయన దగ్గరికి వెళ్లాను. పాత మేడ, రెండో అంతస్తు, గోడ పొడుగునా ఫైళ్లు. వెళ్లగానే నేను అడిగిన మొదటి ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. "కార్పొరేషన్ వాళ్లు మాకు పన్ను ఎన్నేళ్లు మాఫీ చేస్తారండీ?"

"అసలు మీరు కార్పొరేషన్‌కి కడుతున్నారా అమ్మా? రసీదు మీద ఏముందో ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. మా రసీదు మీద ఐలా అని ఉంటుంది. పారిశ్రామికవాడలు చూసుకునే రాష్ట్ర సంస్థ ఏపీఐఐసీ కింద, ఆ వాడల్లో పన్నులు వసూలు చేసే విభాగం అది. వసూలైన ఆస్తి పన్నులో 35 శాతం స్థానిక సంస్థకి, అంటే మా దగ్గర విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీకి వెళ్తుంది, మిగతాది ఎస్టేట్ లోపలి రోడ్లకీ కాలవలకీ ఉంటుంది. నగరం ఇచ్చే రాయితీ అంటే నాకు తెలిసింది ఒక్కటే, ఇంటి పన్ను ఏడాదిది ఒకేసారి ఏప్రిల్ 30లోపు కడితే వచ్చే 5 శాతం తగ్గింపు. షెడ్డు పెంచితే పన్ను తగ్గడం మాట అటుంచి, పెరుగుతుంది. 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీద లెక్క, నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం వరకు. వ్యాపారం పెంచినందుకు ఇచ్చే ప్రోత్సాహకాలు రాష్ట్ర పాలసీలోవి. పరిశ్రమల దరఖాస్తులు తీసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు సింగిల్ డెస్క్ పోర్టల్‌లో పెడితే జిల్లా పరిశ్రమల కేంద్రం పరిశీలిస్తుంది, కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ మంజూరు చేస్తుంది. ఇదంతా పది నిమిషాల్లో ఒక చిత్తు కాగితం మీద గీసి చూపించారు. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది.

ఎస్‌జీఎస్‌టీ వాపసు గురించి కూడా అడిగాను. కాలిక్యులేటర్ నా వైపు తిప్పారు. క్రాఫ్ట్ పేపర్ రీలు కొంటే 18 శాతం జీఎస్టీ, పెట్టె అమ్మితే 5 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి రేట్లు ఇలా మారాయి. కొన్నప్పుడు కట్టిందే ఎక్కువ, కాబట్టి మనం చేతి నుంచి కట్టే నికర పన్ను ఏమీ మిగలదు. కట్టనిది వాపసు ఎలా ఇస్తారు? కొన్నప్పుడు కట్టిన పన్ను క్రెడిట్‌గా పేరుకుపోతే దాని రీఫండ్ వేరే దారి, అది మీ ఆడిటర్ పని అన్నారు. బ్రోచర్ పెద్దమనిషి అక్టోబర్‌లో వచ్చారు, అంటే రేట్లు మారాకే. ఆయనకి తెలీదా, తెలిసీ చెప్పలేదా, నాకైతే అర్థం కాలేదు.

ఇంకోటి కూడా ఆయనే పట్టుకున్నారు. చిన్న పరిశ్రమల్ని మైక్రో, స్మాల్ అని విడదీస్తారు కదా, మా టర్నోవర్ ఏడు కోట్ల పైచిలుకు కాబట్టి మేం స్మాల్ అనే అనుకుంటున్నాం. 2025 ఏప్రిల్ 1 నుంచి మైక్రో పరిమితి పెట్టుబడిలో రెండున్నర కోట్లకీ టర్నోవర్‌లో 10 కోట్లకీ పెరిగింది, కాబట్టి మీరు మైక్రోయే అన్నారు. చిన్న పరిశ్రమలు నమోదు చేసుకునే కేంద్ర పోర్టల్ ఉద్యమ్‌లో కొత్త షెడ్డుకి వేరే రిజిస్ట్రేషన్ తీసుకోకూడదు, ఉన్నదాంట్లోనే మార్పు చేయించుకోవాలి. ఆ పని ఉచితం. మా అబ్బాయి నెట్ సెంటర్‌లో 1,500 కట్టి వచ్చాడు.

అసలు కష్టం బిల్లుల దగ్గర మొదలైంది. మా ఆఫీసు గదిలో చాప పరిపించి, 74 లక్షల కాగితాలూ నేల మీద మూడు కుప్పలుగా పోశారు. ప్రతి బిల్లుకీ ఎదురుగా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అదే మొత్తం కనబడాలి. కనబడితే బట్టల క్లిప్పు పెట్టి కుడివైపుకి, లేకపోతే ఎడమవైపుకి. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎడమ కుప్ప నా మోకాలంత ఎత్తయింది. షెడ్డు కప్పుకి ట్రస్సులు (ఇనుప చట్రాలు) వేసినతను శనివారాలు కూలీలకి ఇవ్వాలంటే అతని చేతికి ఇచ్చిన డబ్బు 2 లక్షల 60 వేలు. నగదు కదా, పోయింది. మూలధన ఆస్తి మీద రోజుకి ఒకరికి 10 వేలు దాటి నగదు ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కూడా అది ఆస్తి ఖరీదులో కలవదట. ఇన్నేళ్ల వ్యాపారంలో ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. విజయవాడలో చవగ్గా దొరికిందని మురిసిపోయి తెచ్చిన స్టిచింగ్ మిషన్ సెకండ్ హ్యాండ్, 3 లక్షల 40 వేలు, అదీ పోయింది. డెలివరీకి కొన్న చిన్న వ్యాన్ 6 లక్షల 20 వేలు, వాహనాలకి ఇవ్వరు. ఆఖరికి లెక్కకి నిలిచింది 61 లక్షల 80 వేలు.

ఆర్డర్లు ఇవ్వకముందే ఈయన దగ్గరికి వెళ్లి ఉంటే ఆ మొదటి రెండూ నిలిచేవి. ట్రస్సుల అతనికి చెక్కిచ్చేదాన్ని, మిషన్ కొత్తదే తీసుకునేదాన్ని.

తనిఖీ రోజు ముచ్చట కూడా చెప్పాలి. అధికారి వచ్చి బిల్లులో ఉన్న సీరియల్ నంబరూ మిషన్ మీద ఉన్న నంబరూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మావాళ్లు దసరా ఆయుధపూజకి లైను మొత్తానికి ఆకుపచ్చ ఎనామిల్ కొట్టేశారు, నేమ్ ప్లేట్లతో సహా. ముందురోజు సాయంత్రం కన్సల్టెంట్ దగ్గర పనిచేసే కుర్రాడు చూసి గుండె పట్టుకున్నాడు. "అక్కా, థిన్నర్ ఉందా?" పాత బనియన్ గుడ్డ థిన్నర్‌లో ముంచి, వాడూ మా స్టోర్ తాతా మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ప్లేటూ రుద్దారు. అట్టకి గాట్లు కోసే రోటరీ స్లాటర్ మిషన్ ప్లేటు మీద అంకెలు బయటపడ్డాక చూస్తే చివర 8 ఉంది, బిల్లులో 3 ఉంది. అమ్మినవాళ్లు అమృత్‌సర్‌లో. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, తప్పు సరిచేస్తూ లెటర్‌హెడ్ మీద ఉత్తరం వాట్సాప్‌లో తెప్పించాడు ఆ కుర్రాడు. వాడి జీతం ఎంతో గానీ, పెంచమని వాళ్ల సార్‌కి చెప్పాను.

ఇక తిట్టాల్సినవి. ఉత్పత్తి మొదలైన తేదీ నుంచి ఆరు నెలల్లోపు క్లెయిమ్ పెట్టాలి. కొత్త లైను మీద మా మొదటి ఇన్వాయిస్ ఆగస్టు 11న, అంటే ఫిబ్రవరి రెండో వారానికి గడువు. సంక్రాంతికి సొంతూరు వెళ్లిన ఈయన తొమ్మిది రోజులు ఫోన్ ఎత్తలేదు. గడువు తరుముకొస్తుంటే ఆ టెన్షన్‌కి నాకు బీపీ మాత్ర డోసు పెంచారు. వచ్చాక "పండగ కదమ్మా" అన్నారంతే. ఫైలు జనవరి 29న పెట్టారు, నిజమే. ఆ తొమ్మిది రోజులు మాత్రం ఎవరూ వెనక్కివ్వరు. సీఏ సర్టిఫికెట్ ఏ నమూనాలో ఉండాలో ముందే చెప్పకపోవడం వల్ల రెండుసార్లు చేయించాను, రెండోసారి ఖర్చూ నాదే.

ఫీజు 45 వేలు. ముందు 20, ఫైలు పెట్టాక 15, మంజూరు లేఖ వచ్చాక 10. శాతాలు లేవు. సీఏకీ ఇంజినీరుకీ వేరే. నా లెక్కలో ఇది న్యాయమైన ధరే, ఎందుకంటే చివరి పది వేలు చేతిలో పెడుతుంటే ఆయనే ఆపి ఒక మాట చెప్పారు. మంజూరు వేరు, విడుదల వేరు. నిధులు విడుదలైనప్పుడు వరుసలో మన వంతు వస్తుంది. అప్పటిదాకా బ్యాంకు ఈఎంఐ ఈ డబ్బు రాదనే అనుకుని కట్టుకోండి అన్నారు. 12 శాతం పెద్దమనిషికి సంతకం పెట్టి ఉంటే, మంజూరు కాగితం చూపించి తన వాటా ముందే అడిగేవారేమో.

మంజూరు లేఖ జూన్‌లో వచ్చింది. దేవుడి పటం వెనక పెట్టాను. ఈఎంఐ ప్రతి నెలా 5వ తారీఖున వెళ్తోంది.

ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లు సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి, పొద్దున ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. సంక్రాంతి ముందు ఫైలు మొదలుపెట్టకండి. లిఫ్టు లేదు. బట్టల క్లిప్పులు మీవే తీసుకెళ్లండి, నావి ఇంకా తిరిగివ్వలేదు.