నా ఎయిర్ కంప్రెసర్‌తో నాకున్న ఒకే ఒక్క గొడవ: చెప్పకుండా ఆగిపోవడం

బండి టైర్లకి గాలి కొట్టే ఈ ట్విన్ సిలిండర్ కంప్రెసర్ కొన్న కొత్తలో దీన్ని తెగ పొగుడుతూ రాశా. ఇప్పుడు బాగా వాడాక రెండోసారి రాస్తున్నా. నిమిషానికి ఎన్ని లీటర్లు, వైరు ఎంత పొడవు, సంచి ఏ రంగు, ఇవన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఆ లీటర్ల లెక్క ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పటిది, టైర్లో గాలి నిండేకొద్దీ ఆ లెక్క పడిపోతూ ఉంటుంది, ఏ కంపెనీదైనా ఇంతే.

అప్పట్లో "నాలుగు టైర్లూ ఆగకుండా కొట్టేస్తుంది" అని రాశా కదా, అది చల్లగా ఉన్నప్పటి మాట అని చేర్చుకోండి. మంచి ఎండలో ఇసుక మీద పెట్టి కొడితే మూడో టైరు మధ్యలో ఆగుతుంది. ఆగడం మీద నాకు కోపం లేదు. లోపల థర్మల్ కటాఫ్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది, మోటారు మరీ వేడెక్కితే కరెంటు ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ తనే కలుపుతుంది, అది లేకపోతే మోటారు వైండింగే కాలిపోతుంది. నా కోపమల్లా ఆగినప్పుడు ఒక్క ముక్క చెప్పదు. లైటు లేదు, బీప్ లేదు, పైగా స్విచ్ మీదున్న ఎర్ర బల్బు కూడా ఆరిపోతుంది. అలిగిన మనిషైనా ముఖం తిప్పుకుంటాడు, ఇది అదీ చెయ్యదు. చచ్చిందో, రెస్ట్ తీసుకుంటోందో బయట నుంచి చూస్తే తెలిసే దారే లేదు.

ఇంట్లో పార్కింగ్‌లో ఐతే ఇది చిన్న విసుగు, అంతే. ఎక్కడ పెద్దదైందో చెప్తా.

రెండు బండ్లు, నలుగురం, ఎండిపోయిన ఏటి పాయలో మెత్తటి ఇసుక. అందరం గాలి తీసి 18 పీఎస్‌ఐకి (టైర్లో గాలి ఒత్తిడి కొలత ఇది) దింపుకున్నాం. గాలి తీస్తే టైరు కింద ఆనే భాగం పొడవవుతుంది, బండి ఇసుకని కోసుకుంటూ దిగిపోకుండా దాని మీదే తేలుతూ పోతుంది, అందుకే. కానీ ఆ ప్రెషర్‌లో స్పీడు మీద స్టీరింగ్ గట్టిగా తిప్పకూడదు, టైరు పక్కకి మడత పడి రిమ్ము నుంచి ఊడిపోతుంది. మా వాడు ఒక దిబ్బ దిగుతూ సరిగ్గా అదే చేశాడు. వెనక ఎడమ టైరు బీడ్, అంటే రిమ్ముకి పట్టుకుని ఉండే అంచు, లోపలి వైపు మొత్తం ఊడొచ్చింది. గాలి సున్నా, బండి ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. స్టెప్నీ వేసేస్తే పోయేది, కానీ స్టెప్నీ పొద్దున్నే అయిపోయింది, రాయి తగిలి సైడ్‌వాల్, అంటే టైరు పక్క భాగం, చీరిన టైరు తీసి అది వేశాం. సైడ్‌వాల్ చీలికకి పంక్చర్ కిట్‌లోని రబ్బరు తాళ్లు పనికిరావు, అవి టైరు రోడ్డుకి ఆనే వైపు పడ్డ బెజ్జాలకే. నా స్టెప్నీ ఇద్దామంటే బోల్టు హోల్స్ కలవవు.

కాబట్టి అక్కడే ఊడిన అంచుని మళ్లీ రిమ్ములోకి ఎక్కించాలి. జాకీ నేరుగా ఇసుక మీద పెడితే బండి లేవదు, జాకీ దిగుతుంది, అందుకని ట్రాక్షన్ బోర్డు, అంటే ఇసుకలో ఇరుక్కున్న చక్రం కింద పట్టు కోసం పెట్టే పలక, తిరగేసి దాని మీద పెట్టాం. మిగతా చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టాం, ఎందుకంటే హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, అందులో ఒకటి మనం గాల్లోకి లేపుతున్నాం కదా. చీరిపోయిన పాత టైరు రిమ్ముతో సహా బండి ఛాసిస్ కిందికి తోసి పెట్టాం, జాకీ జారినా బండి దాని మీద ఆగాలని. ఈ పని చేసేటప్పుడు ఎవరూ కింద దూరలేదు, దూరనివ్వలేదు కూడా.

బీడ్ దగ్గర ఇసుకంతా గుడ్డతో తుడిచాం, ఒక్క గులకరాయి ఉన్నా గాలి నిలవదు. సబ్బు నీళ్లు రాశాం. సామాను కట్టుకునే రాచెట్ బెల్టుని టైరు చుట్టూ, నడి మీద, బిగించాం, అలా బిగిస్తే అంచులు రెండూ బయటికి తోసుకొచ్చి రిమ్ముకి ఆనుకుంటాయి. చిన్న కంప్రెసర్‌తో బీడ్ ఎక్కించడం అసలు కష్టం, దీనికి ఒక్కసారిగా బోలెడు గాలి కావాలి, మన దగ్గరున్నది ధారగా వచ్చే గాలి. అందుకే వాల్వు లోపలి పిన్ను, వాల్వ్ కోర్ అంటారే, అది తీసేశాం, అడ్డం లేకపోతే గాలి కాస్త ఎక్కువ పడుతుంది. నా బండి ఇంజను ఆన్‌లో పెట్టి క్లిప్పులు నేరుగా బ్యాటరీకి తగిలించాం. సిగరెట్ లైటర్ సాకెట్‌కి మామూలుగా 10 నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజే ఉంటుంది, ఈ సైజు మోటారు దాన్ని ఎగరగొట్టేస్తుంది.

మోటారు కొడుతూనే ఉంది, గాలి సందుల్లోంచి బుస్సున పోతూనే ఉంది, మేం టైరుని అటూ ఇటూ కుదుపుతూ బెల్టు ఇంకో పట్టు బిగిస్తూ ఉన్నాం, ఇంకొంచెం ఐతే పట్టేస్తుంది అన్నప్పుడు టక్కున ఆగిపోయింది. నిశ్శబ్దం.

మా వాడు వెంటనే "ఐపోయిందిరా, మోటారు కాలిపోయింది" అన్నాడు. ఇంకొకడు క్లిప్పులు ఊడదీసి మళ్లీ పెట్టాడు. ఫ్యూజ్ తీసి వెలుతురులో చూశాం, బానే ఉంది. ఎవరో సిలిండర్ హెడ్ మీద చెయ్యి వేసి బొబ్బ తెచ్చుకున్నారు. అప్పటికే పొద్దు వాలుతోంది, ఫోన్‌కి సిగ్నల్ లేదు, మావాళ్లలో ఒకడు టార్చి తీసుకుని రోడ్డు దాకా నడిచెళ్తా అని బాటిల్ నింపుకోవడం మొదలుపెట్టాడు. చూశారా, నేను చెప్పేది ఇదే. మెషీన్ బతికుందో లేదో తెలియకపోతే మనుషులు ఇలాంటి నిర్ణయాలు తీసుకుంటారు. బండి దగ్గర నీడ ఉంది, నీళ్లున్నాయి, వెతికే వాళ్లకి దూరం నుంచి కనపడేది బండే, ఒంటరిగా నడిచెళ్లే మనిషి కాదు. వాడిని ఆపడానికే బోలెడు వాదన అయింది. "అది వేడెక్కి ఆగిందిరా, కాసేపు చూద్దాం" అని నేను అంటుంటే నాకే పూర్తి నమ్మకం లేదు, ఎందుకంటే అప్పటిదాకా నా దగ్గర అంత వేడెక్కే పని దానికి ఎప్పుడూ పడలేదు.

ఈలోగా ఇంకోటి. ఏసీ కోసం ఒకడు నా బండిలో ఎక్కి కూర్చున్నాడు, ఇంజను ఆన్‌లోనే ఉంది, వెనక సైలెన్సర్ గొట్టం సగం ఇసుకలో ఉంది. పొగ బయటికి పోయే దారి మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి రావచ్చు, దానికి వాసన కూడా ఉండదు. వాడిని దింపేసి ఇంజను ఆపేశాం. కంప్రెసర్ గొడవలో పడి అది చూసుకోకపోతే ఏమయ్యేదో.

కంప్రెసర్ని ఇసుక మీద నుంచి తీసి బండి నీడలో ట్రాక్షన్ బోర్డు మీద పెట్టాం, తడి గుడ్డ కప్పుదాం అని ఒకడంటే వద్దన్నా, కాలుతున్న లోహం మీద చల్లటి నీళ్లెందుకు. సుమారు అరగంటకి, స్విచ్ ఆన్‌లోనే మర్చిపోయాం, దానంతట అదే బుర్రుమని మొదలైంది. అందరం ఉలిక్కిపడ్డాం. ఇది ఇంకో తలనొప్పి సుమా, ఎవడి వేలైనా ఎక్కడైనా ఉంటే? అందుకే ఇప్పుడు ఆగిన వెంటనే స్విచ్ ఆఫ్ చేసి క్లిప్పు తీసేస్తా.

ఆ తర్వాత జరిగింది మాత్రం దీని గొప్పే, ఒప్పుకోవాలి. మళ్లీ గొట్టం తగిలించి ఒకరు టైరుని పైనుంచి గట్టిగా నొక్కి వదిలితే అంచు పట్టుకుంది, గాలి లోపల ఆగడం మొదలైంది, బెల్టు వదులు చేశాం, అందరం చేతులు వెనక్కి తీసుకున్నాక ఠప్, ఇంకోసారి ఠప్ మని రెండు చప్పుళ్లతో బీడ్ కూర్చుంది. ఆ చప్పుడుకి మేం వేసిన కేకలు చెప్పక్కర్లేదు. వాల్వ్ కోర్ బిగించేలోపు గాలంతా పోయింది, కానీ ఒకసారి కూర్చున్న బీడ్ మామూలుగా కదలదు, మళ్లీ 20కి కొట్టుకుని బయటపడ్డాం. ఎక్కడా 40 దాటించకండి, 40కి కూడా కూర్చోకపోతే గాలి తీసి మళ్లీ సబ్బు రాయాలి తప్ప ఇంకా కొట్టకూడదు. మండే స్ప్రే కొట్టి అంటించి ఎక్కించే వీడియోలు తిరుగుతుంటాయి, ఆ జోలికి వెళ్లకండి.

మిగతావి గబగబా. గేజ్ నాకు మొదటి నుంచీ 2 పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది, విడిగా ఒక గేజ్ పెట్టుకున్నా. మర బిగించే నాజిల్ విప్పేటప్పుడు కొంత గాలి పోతుంది, ఒకటి ఎక్కువ కొట్టి విప్పుతున్నా. తిరిగిన టైరు వేడిగా ఉంటుంది కాబట్టి సాయంత్రం కొట్టిన లెక్క పొద్దున్నకి తగ్గుతుంది, సుమారు 6 డిగ్రీలకి 1 పీఎస్‌ఐ, దానికి కంప్రెసర్ని తిట్టుకోకండి. ఫిల్టర్ స్పాంజి ఇసుక ట్రిప్పు అవ్వగానే కడుగుతున్నా. 3000 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తే గాలి దాదాపు పావు వంతు పలచబడుతుంది, అక్కడ ఇంకా ఎక్కువసేపు కొట్టాలి, అంటే ఇంకా తొందరగా ఆగుతుంది.

కొనొచ్చా అంటే, నాది మరీ బరువైన బండి కాదు, టైర్లు కంపెనీ ఇచ్చిన సైజే, ఎప్పుడూ ఇంకో బండి తోడు లేకుండా వెళ్లను, నాకు ఇది చాలు, ఉంచుకుంటున్నా. 33 అంగుళాల టైర్లు వేసుకున్నవాళ్లు, ఒంటరిగా తిరిగేవాళ్లు ఐతే ఇంకా పెద్దది, ఎక్కువ డ్యూటీ సైకిల్ ఉన్నది చూడండి, డబ్బా మీద 33 శాతం అని ఉంటే అర్థం పది నిమిషాలు పని, ఇరవై నిమిషాలు రెస్ట్ అని. కంపెనీకి మెయిల్ పెట్టా, ఆగినప్పుడు వెలిగే లైటు ఒకటి పెట్టండి అని, "మీ సూచనకి ధన్యవాదాలు" అని వచ్చింది. అప్పటిదాకా నా దాని మూత మీద మార్కర్‌తో పెద్దగా రాసి పెట్టుకున్నా: "ఆగితే అరగంట ఆగు, స్విచ్ ఆఫ్ చెయ్".